తంగేడు పువ్వు టింక్చర్ చక్కెర వ్యాధికి పనికివస్తుందా? ఇంట్లో చేసుకోవచ్చా?

మెట్టపొలం (ఉదయగిరి ప్రాంతం) అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మగారికి అరవై ఏళ్లు దాటాయి. చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది. డాక్టరు గారు రాసిచ్చిన మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. మా వైపు వెలిగొండల వాలులోను, బీడు భూముల్లోను, పొలం గట్ల మీద తంగేడు విరివిగా పూస్తుంది. మా నాయనమ్మ ఆ పూలను నీడన ఎండబెట్టి కషాయం కాచి ఇవ్వడం నాకు గుర్తుంది కాని, ఎంత పువ్వుకు ఎంత నీరు పోసేదో, ఎవరికి ఏ బాధకు ఇచ్చేదో అడిగి తెలుసుకొనే వయసు నాకప్పుడు లేదు.

ఈమధ్య బెంగుళూరులో ఉంటున్న మా బావగారు ఒక గాజు సీసా తెచ్చి ఇచ్చారు. ఎండిన తంగేడు పూలను మద్యసారంలో కొన్ని వారాలు నానబెట్టి వడగట్టిన టింక్చర్ అని, ఒక వంతు పువ్వుకు అయిదు వంతుల ద్రవమని, పూటకు ముప్పై చుక్కలు నీళ్లలో వేసుకోవాలని దాని మీద రాసి ఉంది. సీసా ఖరీదు చూసిన తరువాత, పువ్వు మన గట్టు మీదే ఉన్నప్పుడు మనమే తయారు చేసుకోకూడదా అన్న ఆలోచన వచ్చింది. దానికి ఏ స్పిరిట్ వాడాలి, మాత్రలతో పాటు తీసుకోవచ్చా, కొన్నాళ్లకు మాత్రలు తగ్గించుకొనే వీలుంటుందా అన్నవి నా సందేహాలు. దారి పక్కన పసుపు పూల మొక్కలు నాలుగైదు రకాలు కనిపిస్తాయి కనుక, అసలు తంగేడును పొరపాటు లేకుండా గుర్తించే పద్ధతి కూడా తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కావలి వృక్షశాస్త్రం (విశ్రాంత అధ్యాపకుడు) సమాధానం:

గుర్తింపు సంగతి నేను చెబుతాను, వైద్యం సంగతి వైద్యులు చెబుతారు. తంగేడుకు ఇప్పటి శాస్త్రనామం సెన్నా ఆరిక్యులేటా, పాత గ్రంథాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. నిలువెత్తు వరకు పెరిగే గుబురు పొద. ఒక్కో ఆకు ఈనెకు ఇరువైపులా ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు ఉంటాయి, వాటి కొనలు మొద్దుగా ఉంటాయి. ఆకు కాడ కాండాన్ని అంటుకొన్నచోట చెవి ఆకారంలో వెడల్పాటి పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. ఇది తిరుగులేని గుర్తు. ఆకుజతల మధ్య ఈనె మీద సన్నని గ్రంథులు నిలబడి ఉంటాయి. కాయ చదునుగా, కాగితంలా పలుచగా ఉండి, ఎండితే లేత గోధుమరంగుకు తిరుగుతుంది.

దీనితో పొరబడే వాటిలో మొదటిది కసింద. దాని ఆకులు నాలుగైదు జతలే, కొనలు సూదిగా ఉంటాయి, నలిపితే దుర్వాసన వస్తుంది, కాయ సన్నగా పొడవుగా ఉంటుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు కసింద గింజలు తిని కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిని మరణించిన సంఘటనలను అక్కడి వైద్యులు పరిశోధించి ప్రకటించారు. కాబట్టి ‘అదీ ఇదీ ఒకే జాతి కదా’ అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. రెండవది సీమ తంగేడు. రోడ్ల పక్కన నీడ కోసం నాటిన పెద్ద చెట్టు అది, పొద కాదు. దాని ఆకుతో చేసిన మాత్రలు వాడినవారికి కాలేయం వాచిన అనుభవం థాయిలాండ్‌లో ఉంది. మూడవది నేల తంగేడు, అంటే సునాముఖి. దాని ఆకు, కాయ తీవ్రమైన విరేచనకారులు. ఇక పచ్చగన్నేరు పువ్వు చెట్టు మీద ఉన్నప్పుడు చూస్తే తంగేడులా ఉండదు కాని, రేకులు ఎండి సంచిలో కలిసిపోతే గుర్తుపట్టడం కష్టం. ఆ మొక్కలో ప్రతి భాగమూ గుండెకు విషమే. అందుచేత ఎండుపూలను ఎవరో అమ్ముతుంటే కొనవద్దని, మీ కళ్లెదుట పొద మీద కోసిన పూలనే వాడమని నా సలహా.

కోసేటప్పుడు జాతీయ రహదారి పక్కన ఉన్న పొదలను, పురుగుమందు కొట్టే మిరప, పత్తి చేల గట్లను వదిలేయండి. కొండవాలులోని పూలే మంచివి.

నెల్లూరు వైద్యుడు (ఆయుర్వేదం) సమాధానం:

మెట్టపొలం గారి ప్రశ్నలో రెండు వేర్వేరు వస్తువులు కలిసిపోయాయి. నాయనమ్మగారు ఇచ్చినది నీటితో కాచిన కషాయం, బావగారు తెచ్చినది మద్యసారంలో ఊరిన టింక్చర్. మొదటిదానికి తరతరాల వాడుక ఉంది. రెండవదానికి ఈ పువ్వు విషయంలో అలాంటి వాడుక ఏదీ నాకు తెలిసిన సంప్రదాయంలో లేదు. సీసా మీద ‘తరతరాలుగా వాడుతున్న మూలిక’ అని రాస్తే అది పువ్వుకు వర్తిస్తుంది గాని ఆ సీసాలోని ద్రవానికి వర్తించదు.

తంగేడును సంస్కృతంలో ఆవర్తకి అంటారు. ఈ మొక్కలో విచిత్రమేమిటంటే ఒక్కో భాగం ఒక్కో రకంగా పనిచేస్తుంది. బెరడులో టానిన్లనే వగరు పదార్థాలు చాలా ఎక్కువ, అందుకే దానితో తోళ్లు పదును చేసేవారు. ఆ వగరు వల్లనే బెరడు కషాయాన్ని నీళ్ల విరేచనాలకు కట్టుగాను, నోటిపూతకు, గొంతునొప్పికి పుక్కిలించడానికీ వాడారు. ఆకు అందుకు భిన్నంగా కొద్దిగా విరేచనం చేస్తుంది. గింజల పొడిని కండ్ల కలకకు వాడిన అలవాటు ఉండేది కాని, శుభ్రత లేని పొడిని కంట్లో వేయడాన్ని ఈనాడు నేను ఎవరికీ చెప్పను. పువ్వును బహుమూత్రానికి, స్త్రీలలో అధిక రక్తస్రావానికి, ఒంటి వేడికి, చర్మకాంతికి వాడారు. ఒక భాగానికి చెప్పిన గుణాన్ని మరొక భాగానికి అంటగట్టే వీడియోలను చూసి మోసపోకండి.

చక్కెర వ్యాధికి ఈ మొక్కను బాగా వాడినది మన పొరుగున ఉన్న సిద్ధ వైద్యం. వారి ‘ఆవారై కుడినీర్’ అన్న కషాయచూర్ణంలో తంగేడుతో పాటు రేల, నేరేడు గింజ, మద్ది చెక్క, తుంగగడ్డలు, చెంగల్వకోష్టు వంటివి కలుస్తాయి. అంటే అక్కడ కూడా తంగేడు ఒంటరిగా లేదు, మద్యసారంలోనూ లేదు. శ్రీలంకలో ‘రణవర’ పేరుతో ఇదే పువ్వును టీలా తాగుతారు. అదీ నీరే.

మన శాస్త్రంలో మూలిక నుంచి సారం తీసే ప్రధాన పద్ధతులు అయిదు. పచ్చి మొక్కను దంచి పిండిన స్వరసం, ముద్దగా నూరిన కల్కం, కాచి దించిన క్వాథం, చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టిన హిమం, వేడినీళ్లు పోసి మూతపెట్టి వడగట్టిన ఫాంటం. పువ్వు వంటి మెత్తని ద్రవ్యానికి ఎక్కువగా చివరి రెండే సరిపోతాయి, కాచినా సన్నని మంట మీద కొద్దిసేపే. ఆసవాలు, అరిష్టాలు ఉన్నాయి కదా అని అడగవచ్చు. వాటిలో మద్యసారం బయటి నుంచి పోసేది కాదు. బెల్లం, ధాతకీ పుష్పం కలిపి పులియబెట్టినప్పుడు దానంతటదే పుట్టేది, సాధారణంగా నూటికి అయిదు నుంచి పది వంతులు. పైగా అందులో మిగిలే బెల్లం చక్కెర రోగికి పనికిరాదు. నేను చక్కెర వ్యాధి ఉన్నవారికి అరిష్టాలు రాయవలసి వస్తే రెండుసార్లు ఆలోచిస్తాను.

శాస్త్రపరిశోధన విషయానికి వస్తే, అన్నామలై విశ్వవిద్యాలయం పరిశోధకులు 2002లో ప్రకటించిన పనిని ఎక్కువమంది ఉదహరిస్తారు. కృత్రిమంగా చక్కెర వ్యాధి తెప్పించిన ఎలుకలకు తంగేడు పువ్వు నీటిసారాన్ని నెల రోజులపాటు ఇచ్చి చూస్తే రక్తంలో చక్కెర, కొవ్వు తగ్గాయి. అది ఎలుకల సంగతి, అదీ నీటిసారం సంగతి. మనుషుల మీద మాత్రలకు బదులుగా వాడదగినంత రుజువు దాని వల్ల రాదు. నీరు, మద్యసారం ఒకే పువ్వు నుంచి ఒకే పదార్థాలను లాగవు. టానిన్లు, జిగురు పదార్థాలు, చక్కెరలు నీటిలో తేలికగా దిగుతాయి, జిడ్డు స్వభావం గల పదార్థాలు మద్యసారంలోకి ఎక్కువగా వస్తాయి. అందుకని నీటిసారం మీద తేలిన ఫలితాన్ని టింక్చర్‌కు తెచ్చుకోవడం కుదరదు.

మీ నాయనమ్మగారి పద్ధతి ఇలా ఉండి ఉంటుందని నా ఊహ: నీడన ఎండిన పూలు ఒక చెంచాడు, గ్లాసు నీళ్లు, సగానికి మరిగించి వడగట్టడం. దీన్ని భోజనంతో కాకుండా, ఇనుము మాత్రలకు దూరంగా తీసుకోవాలి. టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆ పూట కాచినది ఆ పూటే తాగాలి. గర్భిణులకు ఇవ్వకూడదు. అమ్మగారికి మూత్రపిండాల సమస్య ఏదైనా ఉంటే వారి డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టవద్దు.

పొదిలి గృహిణి సమాధానం:

వైద్యులు చెప్పినదానికి నా వంతు చిన్న మాట. మా ఇంట్లో ఈ పువ్వు కడుపులోకి కన్నా ఒంటిమీదికే ఎక్కువగా పోయేది. ఎండుపూలు, పెసలు, కచ్చూరాలు, కొద్దిగా పసుపు కలిపి విసిరి, నలుగుపిండిగా వాడేవాళ్లం. వేసవిలో చెమటపొక్కులకు బాగుంటుందని మా అత్తగారి నమ్మకం. పిల్లలకు ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఒంగోలు నుంచి మ్యూనిక్ సమాధానం:

టింక్చర్‌ను ఇంత తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదనిపించి రాస్తున్నాను. మాది ఒంగోలు, ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడి మందుల దుకాణాల్లో మూలికల టింక్చర్లు అల్లోపతీ మందుల పక్కనే గౌరవంగా కూర్చుంటాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అన్న పసుపు అడవిపువ్వును జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ రోజుల్లో కోసి నానబెడతారు. మొగ్గను నలిపితే వేళ్లకు ఎర్రటి రంగు అంటుతుంది. దాన్ని తేలికపాటి మనోవ్యాకులతకు వాడవచ్చని జర్మన్ ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం, కమిషన్ ఇ, 1984లోనే ఆమోదించింది. టింక్చర్ బూజు పట్టదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది, చుక్కలు లెక్కపెట్టి ఇవ్వవచ్చు, కషాయంలా ఒకనాడు చిక్కగా ఒకనాడు పలుచగా ఉండదు. ఇవన్నీ తంగేడుకు మాత్రం ఎందుకు వర్తించకూడదు?

నెల్లూరు వైద్యుడు (ఆయుర్వేదం) సమాధానం:

మంచి ప్రశ్నే వేశారు. దానికి జవాబు మీ మాటల్లోనే ఉంది. మీరున్నచోట ఆ పువ్వు వేసవిలో కొద్ది వారాలు పూసి పోతుంది. తరువాత మంచు. మిగిలిన సంవత్సరానికి దాన్ని నిలవచేయక తప్పదు. మద్యసారం అక్కడ ఆ అవసరాన్ని తీర్చింది. ఉదయగిరి మెట్టలో తంగేడు ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటుంది, వానలు వెనుకబడ్డ సంవత్సరం కూడా బీళ్లలో పచ్చగా నిలిచేది అదే. పూయని రోజుల కోసం ఎండపెట్టుకుంటే చాలు. నిలవ సమస్య లేనిచోట నిలవ పద్ధతిని తెచ్చిపెట్టుకొని, దానితోపాటు మద్యసారాన్ని చక్కెర రోగి ఒంట్లోకి ఎందుకు పంపాలి?

రెండో మాట. సెయింట్ జాన్స్ వోర్ట్‌కు అంత పేరుంది కనుకనే దాని చెడుగుణాలూ బయటపడ్డాయి. అది వార్ఫరిన్ వంటి రక్తం పలుచనచేసే మందుల బలాన్ని, గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు. మనుషుల మీద నియమం ప్రకారం పరీక్షలు జరిగాయి కాబట్టి తెలిసింది. తంగేడు టింక్చర్ మీద ఆ శ్రమ ఎవరు పడ్డారు?

ఒంగోలు మందులషాపు (ఫార్మసిస్టు) సమాధానం:

స్పిరిట్ గురించిన ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఈ మొత్తం చర్చలో ప్రాణాపాయం ఉన్నది అక్కడే. మా దుకాణంలో గాయాలు తుడవడానికి అమ్మే సర్జికల్ స్పిరిట్ తాగేది కాదు. రంగుల దుకాణంలో పాలిష్‌కు అమ్మే స్పిరిట్ అంతకన్నా ప్రమాదం, దానిలో మిథనాల్ ఉండవచ్చు. మిథనాల్ కొద్దిగా కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ఆపైన ప్రాణమే పోతుంది. వడగట్టినా, మరిగించినా, పూలు నానబెట్టినా దాని విషం విరగదు. ఇళ్లలో ‘టింక్చర్’ అని పిలిచే అయోడిన్ సీసా కూడా పైపూతకే. పరిశుద్ధమైన మద్యసారం లైసెన్సు లేకుండా ఎవరికీ అమ్మరు. కాబట్టి ఇంట్లో తయారీ అన్న ఆలోచన ఇక్కడితో ఆపండి.

ఇక సీసా మీది లెక్క చూద్దాం. ఒకటికి అయిదు అంటే 5 మిల్లీలీటర్ల ద్రవంలో 1 గ్రాము ఎండుపువ్వు సారం. 20 చుక్కలు సుమారు 1 మిల్లీలీటరు అనుకుంటే, 30 చుక్కలు 1.5 మిల్లీలీటర్లు, అందులో ఉన్నది 0.3 గ్రాముల పువ్వు. వైద్యులు గారు చెప్పిన కషాయంలో చెంచాడు పువ్వు పడుతుంది. అది ఒకటి రెండు గ్రాములు తూగినా టింక్చర్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పైన చెప్పిన పరిశోధనలో ఎలుకలకు బాగా పనిచేసిన మోతాదు శరీరబరువులో కిలోకు 0.45 గ్రాముల సారం, పువ్వు కాదు. మనిషికి తగినట్టు తగ్గించి లెక్కించినా రోజుకు నాలుగు గ్రాములకు పైబడి సారం కావాలి. 5 గ్రాముల పువ్వుకు సమానమైన టింక్చర్ తాగాలంటే 25 మిల్లీలీటర్లు కావాలి. దానిలో మద్యసారం నూటికి నలభై ఉంటే రోజూ దాదాపు ఒక పెగ్గు తాగినట్టే. చుక్కల్లో తీసుకుంటే మందు చాలదు, మందు చాలినంత తీసుకుంటే మద్యం ఎక్కువవుతుంది. ఈ చిక్కు నుంచి ఆ సీసా ఎలా బయటపడుతుందో నాకు అర్థం కాలేదు.

అమ్మగారి మాత్రల సంగతి. గ్లిమెపిరైడ్ అన్నది ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే మందు. దాని మీద మద్యసారం పడినా, చక్కెర తగ్గించే మరొక పదార్థం పడినా రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి జారవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, మగత దాని గుర్తులు. పెద్దవయసువారిలో ఇది రాత్రివేళ వస్తే ఇంట్లోవాళ్లు నిద్ర అనుకుంటారు. మెట్‌ఫార్మిన్ వాడేవారు మద్యం తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదముంది, అది అరుదే కాని వస్తే తీవ్రం, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. ముప్పై చుక్కల్లో ఉండే మద్యసారం అర గ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి అంతటి ముప్పు రాకపోవచ్చు. అయితే ‘చుక్కలు పనిచేయడం లేదు, చెంచాతో వేద్దాం’ అనుకొనే రోజు వస్తుంది, నా భయమంతా ఆ రోజు గురించే.

కషాయం కూడా నిరపాయమైన నీళ్లేమీ కాదని తెలియాలి. మూర్ఛకు వాడే కార్బమజెపైన్‌తో పాటు తంగేడు టీని ఎలుకలకు ఇచ్చిన శ్రీలంక పరిశోధనలో, ఆ మందు రక్తంలో ఉండవలసినదాని కన్నా పెరిగింది. మూర్ఛ మందు వాడేవారు ఈ పువ్వు జోలికి పోకపోవడమే మేలు.

మెట్టపొలం (ఉదయగిరి ప్రాంతం):

అందరికీ కృతజ్ఞతలు. సీసా బావగారికి తిరిగి ఇచ్చేస్తాను. ఇంట్లో స్పిరిట్ ఆలోచన కూడా మానుకున్నాను. అయితే అమ్మగారికి కషాయం మీద మనసు పోయింది, చిన్నప్పుడు తాగిన రుచి అని అంటున్నారు. మాత్రలు అలాగే ఉంచి కషాయం ఇవ్వవచ్చా? ఇస్తే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? పూలు ఎండబెట్టి ఎంతకాలం ఉంచవచ్చు?

నెల్లూరు వైద్యుడు (ఆయుర్వేదం) సమాధానం:

ముందుగా మాత్రలు రాసిన డాక్టరు గారికి చెప్పండి, దాచవద్దు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఈమధ్య చేయించకపోతే చేయించండి. వారు సరేనంటే రోజుకు ఒక్కసారి, ఉదయం పూట మాత్రమే, చెంచాడు పూలతో పలుచగా కాచి ఇవ్వండి. బెల్లం, తేనె కలపవద్దు. రాత్రి ఇవ్వవద్దు, ఎందుకంటే చక్కెర జారితే గమనించేవారు మెలకువగా ఉండాలి. మొదటి రెండు వారాలు ఇంట్లో మీటరుతో పరగడుపున, భోజనమైన రెండు గంటలకు చూసి కాగితం మీద రాసి పెట్టండి. వంద లోపుకు తరచుగా వస్తుంటే కషాయం ఆపి డాక్టరుకు ఆ కాగితం చూపండి, మీ అంతట మీరు మాత్ర తగ్గించకండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఎ1సీ పరీక్ష వచ్చేదాకా కషాయం పనిచేసిందని గాని చేయలేదని గాని నిర్ణయించవద్దు. ఆ లోపు బియ్యం తగ్గించి కొర్రలు, జొన్నలు పెంచితే, నడక మొదలుపెడితే, చక్కెర తగ్గినది వాటివల్ల కూడా కావచ్చు.

ప్రయాణాల్లో, జ్వరం వచ్చినప్పుడు, తిండి సరిగా తిననప్పుడు కషాయం మానేయండి. పెద్ద ఆపరేషను ఏదైనా ఉంటే రెండు వారాల ముందే ఆపి, ఆ విషయం మత్తు డాక్టరుకు చెప్పండి.

కావలి వృక్షశాస్త్రం సమాధానం:

ఎండబెట్టడం గురించి: మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు కోయండి. తొడిమలు, ఆకులు ఏరివేయండి, పురుగులు దులపండి. పలుచని గుడ్డ మీద నీడలో, గాలి ఆడేచోట పరిచి రోజూ తిరగేయండి. రేకు చేతిలో గలగలలాడుతూ విరిగితే ఎండినట్టు. ఎండలో వేస్తే పసుపు తెల్లబడుతుంది. మూత గట్టిగా పట్టే గాజుసీసాలో పోసి, వెలుతురు తగలని చోట ఉంచండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల తేమకు మన జిల్లాల్లో ఏ ఎండుమూలికైనా మెత్తబడుతుంది. అప్పుడు మూత తీసి వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, రేకుల మీద బూడిదరంగు కనిపించినా మొత్తం పారేయండి, మళ్లీ ఎండబెట్టి వాడవద్దు. ఎంత బాగా దాచినా ఏడాది దాటించకండి. కొత్తపూలు మీ గట్టు మీద ఎలాగూ సిద్ధంగానే ఉంటాయి.